లంకగడ్డికి నా పైపాట

నాకు పాట రాదు. చిన్నప్పుడు మా అమ్మ లాలిపాటలో నేను గొంతు కలిపితే, ఆవిడ జోకొట్టడం ఆపి, నన్ను వెలుతురులోకి ఎత్తుకొచ్చి నాలిక చూసేదట. అలాంటి నా పేరు మీద ఒక పాట ప్రభుత్వ ముద్రతో సహా ఖాయమైంది. అదెలా జరిగిందని అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పి అలసిపోయాను కనక, ఒకసారి మొదటి నుంచీ రాసిపెడుతున్నాను.

మాది కొత్తపేటకి దగ్గర్లో, గోదావరి గట్టు కింద ఒదిగి ఉన్న ఊరు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కవులతో గడిచింది. తర్వాతి రోజులు కౌలుతో గడుస్తాయని కలలో కూడా అనుకోలేదు.

మా రేవుకి ఎదురుగా ఏట్లో ఒక లంక ఉంది. వరదలు తెచ్చి పోసిన ఒండ్రుతో లేచిన నేల. గోదావరి కన్నది, సర్కారు పెంచుకుంటోంది. ఆఫీసు భాషలో అది పోరంబోకు. అంటే ఏ ఒక్కరి సొంతమూ కాక, అందరి తరఫునా ప్రభుత్వం చేతిలో ఉండే భూమి అని అర్థం. ఈ మాటని నేను ఉద్యోగకాలమంతా వెనక బెంచీ పిల్లల్ని తిట్టడానికి వాడాను. వాళ్ళూ ఏ ఒక్కరి మాటా వినేవాళ్ళు కాదు, అందరి ప్రాణానికీ ఉమ్మడిగా ఉండేవాళ్ళు, కాబట్టి మాట తప్పుగా వాడలేదనే అనుకుంటున్నాను.

లంకలో మెరకగా ఉన్న ముక్కల్ని పంటలకి ఏటేటా కౌలుకి రాసిస్తారు. పల్లంగా ఉన్న భాగమంతా గడ్డి. వరద తీసేసిన కొద్దిరోజులకే నడుం లోతున లేస్తుంది. ఆ గడ్డి మీద హక్కుకి ఏడాదికోసారి వేలం వేస్తారు. వేలం అనే మాట నోటీసుబోర్డు దాటి బయటికి రాదు. జనం నోట అది పాటే. సంత ఆశీలుకి పాట, చేపల చెరువుకి పాట, పడవ రేవుకి పాట, పంచాయతీ కొబ్బరిచెట్లకి పాట. ఇంత సంగీతం ఉన్న సీమ ఇంకోటి ఉండదు. రాగం మాత్రం ఒక్కటే: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

ఆ గడ్డిని కొన్నేళ్ళుగా పాడుకుంటున్నది మా వీధి చివర చర్చి పక్కింట్లో ఉండే పాలావిడ. మాకు చుట్టం కాదు గానీ, ఆవిడ మా ఆవిడని వదినగారంటుంది, నన్ను అన్నయ్యగారంటుంది, అందుచేత నాకు చెల్లెమ్మ. ఆవిడ భర్త యానాం వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఇల్లు నడిచేది గేదెల మీద. ఆ గేదెలు నడిచేది లంకగడ్డి మీద. వేసవిలో పాయ సన్నబడ్డాక వాటిని రేవులో దింపితే చాలు, తలలు పైకెత్తుకుని, పెళ్ళికి వెళ్ళే పెద్దముత్తయిదువుల్లా తీరుబడిగా ఈదుకుంటూ అవతలికి పోతాయి. మా ఊళ్ళో చేలగట్లు కొబ్బరిమొక్కలకి పోయాయి, ఖాళీ జాగాలు చేపల చెరువులకి పోయాయి. లంక పోతే గడ్డి లేదు. ఎండుగడ్డి కొని మేపితే పాలమీద ఏమీ మిగలదు. సగం గేదెల్ని అమ్ముకోవాల్సిందే. ఇది ఆవిడ చెప్పుకున్న కష్టం కాదు, వీధిలో పాలు పోయించుకునే అందరికీ తెలిసిన సంగతి.

ఆ ఏడు కార్తీకంలో ఆవిడ పొద్దున్నే పాలు పోస్తూ ఒక సాయం అడిగింది. పాటకి ధరావత్తు కట్టినవాళ్ళు కనీసం ముగ్గురుండాలట. లేకపోతే వాయిదా. ఆవిడ ఒకరు, ఇటుకబట్టీ ఆసామి ఒకరు, మూడోమనిషి దొరకలేదు. నేను ధరావత్తు కట్టి కూర్చుంటే చాలు, పాట అయ్యాక ఆ డబ్బు వెనక్కిచ్చేస్తారు.

"మీరు నోరు విప్పక్కర్లేదండి అన్నయ్యగారూ, ఊరికే కూర్చుంటే చాలండి" అంది.

మా ఆవిడ వంటింట్లోంచి, ఊరికే కూర్చోవడంలో ఆయనకి మించినవాళ్ళు లేరని హామీ ఇచ్చింది. ఇందులో తప్పేమైనా ఉందేమోనని నేను ముందురోజు ఆఫీసులో కనుక్కున్నాను కూడా. ధరావత్తు కట్టిన ప్రతివాడూ పాటదారేననీ, తప్పకుండా పాడి తీరాలనే నియమం లేదనీ చెప్పారు. నాలాంటివాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఆ నియమం పెట్టలేదు కాబోలు అనుకున్నాను.

ఇటుకబట్టీ ఆసామి గురించి ఒక మాట. మనిషి చాలా మర్యాదస్తుడు. ఆయనకి కావలసింది గడ్డి కాదు, గడ్డి కింద ఉన్న మట్టి. మట్టి తవ్వకూడదని షరతుల్లో ఉంటుంది గానీ, ఏటి నడుమ ఏం జరుగుతోందో రోజూ ఎవరు చూడొచ్చారు? ఎగువనున్న ఇంకో లంకలో ఆయన రెండేళ్ళు గడ్డిహక్కు పాడుకున్న చోట ఇప్పుడు పిల్లలు గేలం వేసి చేపలు పడుతున్నారు.

పాట పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టారు. అరుగు మీద బల్ల, ఫ్యాను, ఆఫీసరు. కింద ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీల్లో మేం. ఆఫీసరు మా వైపు మనిషి కాదు. కడప జిల్లావాడు. భార్యకి అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం, అందుకని బదిలీ చేయించుకుని అప్పుడే వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు, ప్రతి షరతూ నిలబడి చదివి వినిపించాడు. అంకె చెప్పకుండా ఊరికే ఔనన్నా కనీసపు పెంపు పాడినట్టే లెక్కన్నాడు. ఈసారి లంకకి తానే స్వయంగా తనిఖీకి వెళ్తాననీ, ఒక్క తట్ట మట్టి కదిలినా కౌలు రద్దు చేస్తాననీ గట్టిగా చెప్పాడు. ఇటుకబట్టీ ఆసామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కార్తీకం ఎండ చూడ్డానికి మెత్తగానే ఉంటుంది. బట్టతలకి అలా అనిపించదు. నేను నా కుర్చీని నీడ వెంట జరుపుకుంటూ, జరుపుకుంటూ, అరుగు మెట్ల దాకా వచ్చేశాను. అవతల పాట సాగుతోంది. ఆసామి ఒకటి అంటే చెల్లెమ్మ దానిమీద ఇంకొంచెం అంటోంది. కాసేపటికి ఆసామి తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. ఆఫీసరు చెల్లెమ్మ పాటని ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. అక్కడితో పని అయిపోవలసింది. కానీ ధర్మంగా నడుచుకునే మనిషి కదా, ఇంతవరకు పెదవి విప్పని మూడో పాటదారుని అడక్కుండా కొట్టేయడం న్యాయం కాదనుకున్నాడు. నా వైపు తిరిగి మర్యాదగా అడిగాడు.

"సార్, మీరు పైకి పోతారా?"

ఇక్కడ రెండు జిల్లాల భాషా నా ఒక్కడి తెలివీ కలిశాయి. మా వైపు అరవై దాటినవాణ్ణి పట్టుకుని పైకి పోతారా అని అడగరు. అది ఆ దేవుడు అడగవలసిన మాట. అయితే ఆ కుర్రవాడు రాయలసీమవాడు, వాళ్ళ వైపు వెళ్ళడాన్ని పోవడమంటారు, నేను ఎండలో మాడుతున్నాను, ఆయన అరుగు మీద నీడలో ఉన్నాడు. పెద్దవాణ్ణని పైకి రమ్మంటున్నాడని నాకు అర్థమైంది. ఎంత సంస్కారం అనుకున్నాను.

"ఆయ్" అన్నాను.

కుర్చీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. నాకు మోకాళ్ళ నొప్పి. మెట్టు మీద దృష్టి పెడితే చెవులు పనిచెయ్యవు. వెనక ఎవరో ఏదో అంకె అన్నారు. చెల్లెమ్మ గొంతులాగే ఉంది గానీ, కొంచెం కీచుగా వినిపించింది. నేను పై మెట్టు మీదకి చేరి ఊపిరి పీల్చుకుంటుంటే ఆఫీసరు మళ్ళీ నన్నే చూస్తున్నాడు.

"ఇంకా పైకి పోతారా సార్?"

చూశాను. బల్ల వెనక గోడ పక్కన ఫ్యాను గాలి బాగా తగిలే చోటు ఖాళీగా ఉంది. ఈ రోజుల్లో ఇంత గౌరవం ఎవరిస్తున్నారు? "ఆయ్, ఆయ్" అని ఒకటికి రెండుసార్లు అన్నాను, కృతజ్ఞత కూడా కలిసేలాగ. కుర్చీ అక్కడ వేసుకుని, కళ్ళు మూసుకుని, గాలి అనుభవిస్తున్నాను. ఒకటోసారి వినిపించింది. రెండోసారి వినిపించింది. మూడోసారికి బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ టక్కుమంది. ఆఫీసరు లేచి నాకు చెయ్యి అందించాడు. లంకగడ్డి ఏడాదిపాటు నాదన్నాడు.

ఆవరణలోకి చూశాను. చెల్లెమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ గేటు దాటి వెళ్ళిపోతోంది. వెనక్కి తిరిగి చూడలేదు. నలుగురిలో అన్నయ్యగారిని నిలదీయడం మర్యాద కాదనుకుంది. మా ఊళ్ళో మర్యాద చేసే నష్టం మరేదీ చెయ్యదు.

నేను ఆఫీసరుకి జరిగింది చెప్పాను. ఆయన బిత్తరపోయాడు.

"ఆయ్ అంటే ఔననే గదా సార్?"

"ఔననేనండి. కానీ ఔనని కాదండి" అన్నాను.

నాలుగు మాటలకి నలభై అర్థాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, ఒక్క మాటకి అర్థం చెప్పలేకపోయాను. ఆయ్ అంటే విన్నానని, చిత్తమని, తమరు చెప్పాక కాదంటానా అని, ఇంకా ఏమైనా ఉంటే సెలవివ్వండని, మరీ అవసరమైతే ఔనని. ఆయన ఓపిగ్గా విన్నాడు. నిజంగా బాధపడ్డాడు కూడా. కానీ మూడోసారి కొట్టేశాక పాట వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. నేను వద్దంటే నా ధరావత్తు పోతుంది, మళ్ళీ చాటింపు వేసి మళ్ళీ పాట పెట్టాలి.

ధరావత్తు పోతే పోయిందిలే అనబోతున్నాను. అప్పుడు ఇటుకబట్టీ ఆసామి మెట్ల దగ్గరికి వచ్చి, ఎంతో వినయంగా అన్నాడు.

"మళ్ళీ పాటైతే మేవూ ఆలోచించుకుని వస్తావండి మేష్టారూ."

నేను నోరు మూసుకుని సంతకం పెట్టాను. ఆ రోజు నేను తెలిసి చేసిన పని అదొక్కటే. నా చేతిలో పెట్టిన షరతుల పత్రంలో మట్టి తవ్వరాదు, చెట్టు కొట్టరాదు, కట్టడం కట్టరాదు, ఇంకొకరికి కౌలుకివ్వరాదు అని వరసగా ఉన్నాయి. ఇన్ని రాదులు చూస్తే, పాట రాదన్న నాకు తగిన పత్రమే ఇచ్చారనిపించింది. జీవితమంతా పోరంబోకులని తిట్టినవాణ్ణి ఒక పోరంబోకుకి బాధ్యుణ్ణయ్యాను.

ఆ సాయంత్రం మా ఇంటికి పాలు రాలేదు.

మా ఆవిడ ఖాళీ గిన్నె గడప దగ్గర పెట్టి నా ముందు కూర్చుంది. సంగతంతా వీధిలో వినేసిందట. లంక పాడుకున్నారట కదా, ఇకనుంచి పాలు అందులోంచి పిండుకొస్తారా అని అడిగింది. నేను మొదటి నుంచీ చెప్పాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపుకోవడానికి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపలి నుంచే, రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పి రమ్మంది. "ఆవిడ గేదెల్ని బేరం పెట్టేస్తుందండీ. కోపంలో ఉన్న ఆడది లెక్క వేసుకోదు" అంది. సొంత అనుభవం మీద చెబుతున్నట్టుంది.

మా ఆవిడ మాట నిజమే అయింది. పొద్దున్న నేను వెళ్ళేసరికి చెల్లెమ్మ వాకిట్లో బేరగాడు ఒక గేదె నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాడు. గేదె నా వైపు చూసింది. దాని చూపు నాకు నచ్చలేదు.

మా వైపు కోపం పెరిగినకొద్దీ అండీలు పెరుగుతాయి. తిట్టు వినిపిస్తే ధైర్యంగా ఉండొచ్చు, మర్యాద వినిపిస్తే భయపడాలి.

"రండి అన్నయ్యగారండీ. దయచెయ్యండి. కుర్చీ ఎక్కడ వెయ్యమంటారండి? ఇక్కడేనా, ఇంకా పైకా అండి?"

నేను నిలబడే చెప్పాను. ఎండ, నీడ, మెట్లు, ఫ్యాను, ఏదీ దాచలేదు. బేరగాడు గేదె నోరు వదిలేసి వింటున్నాడు. పైకి పోతారా దగ్గర వాడు నవ్వాడు. చెల్లెమ్మ నవ్వలేదు. ఇంకా పైకి అనేసరికి ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఫ్యాను కింద కళ్ళు మూసుకున్నానని చెప్పినప్పుడు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పశువులపాక గుంజని పట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో కొంత నవ్వుది కాదు.

"సరేనండి, మీరు కావాలని చెయ్యలేదు. ఇప్పుడు నా గేదెలేం తింటాయండి? మీ సంతకవా?"

లంకలో మేపుకోమన్నాను. గడ్డి నాకెందుకు, నేను తినను, మా ఇంట్లో తినేవాళ్ళూ లేరు. ఆవిడ దానికి ఒప్పుకోలేదు. ఊరికే మేపుకుంటే ఊరు రకరకాలుగా అనుకుంటుంది, అంతకంటే ముఖ్యంగా తనకి నచ్చదు. నేను పాడిన సొమ్ము నాకు ఇచ్చేస్తానంది. అంత సొమ్ము లేదుగదా అంటే నెలనెలా ఇస్తానంది. అదిచ్చినా పుచ్చుకోడానికి లేదు, నేను తీసుకుంటే కౌలు మీద కౌలు అవుతుంది, షరతు తప్పినట్టే, లంక మళ్ళీ పాటకి వెళ్తుంది, ఇటుకబట్టీ ఆసామి ఆలోచించుకుని వస్తాడు. ఊరికే ఇస్తే ఆవిడ తీసుకోదు, డబ్బుకిస్తే సర్కారు ఒప్పుకోదు. బేరగాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంతకీ గేదె సంగతేంటండీ అన్నాడు. చెల్లెమ్మ వాణ్ణి సాయంత్రం రమ్మంది. ఇద్దరం ఆటో ఎక్కి కొత్తపేటలో ఆయన ఆఫీసుకి వెళ్ళాం.

ఆఫీసరు మమ్మల్ని ఇద్దర్నీ కలిపి చూసి తేలికపడ్డాడు. మా గొడవంతా విని, షరతుల పత్రం తెరిచి, వేలుతో గీతలు చూపిస్తూ విడమరిచి చెప్పాడు. భూమి కోసం ఆవిడ నాకు ఒక్క రూపాయి ఇచ్చినా అది కౌలే. కానీ పాడుకున్న గడ్డి నాది. నా గడ్డిని ఎవరి గేదె తినాలన్నది ఏ షరతులోనూ లేదు. భూమి చేతులు మారకూడదు, మట్టి కదలకూడదు, బాధ్యత నాదిగానే ఉండాలి. నేను వారానికోసారైనా వెళ్ళి చూసుకుంటూ ఉండాలి.

ఇంత చదువుకున్నవాళ్ళు ఆవిడకే నేరుగా రాసిచ్చేస్తే పోయేదిగా, ఈ పాటలెందుకని నేను కొంచెం నిష్ఠూరంగా అన్నాను. ఆయనకి కోపం రాలేదు.

"మాకు రెండు తిట్లుంటాయి సార్. తక్కువకిస్తే ఎందుకిచ్చినావంటారు. ఎక్కువకిస్తే ఎవరికిచ్చినావంటారు. పాట పెడితే రెండోదొక్కటే మిగుల్తాది" అన్నాడు.

ప్రభుత్వ భూముల సంగతి దీనికంటే సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. మనందరిదీ అయిన వస్తువుని ఒకరి చేతిలో పెట్టేవాడు మిగిలిన అందరికీ సమాధానం చెప్పుకోవాలి. అంతమందికి చెప్పుకోవడం కన్నా గాజు పేపర్‌వెయిట్‌తో టక్కుమనిపించడమే సుఖం. ఆ టక్కులో గేదెల ఆకలి వినపడదు, అది వేరే సంగతి.

తిరిగి వస్తూ ఆటోలోనే చెల్లెమ్మ ఒక దారి తేల్చింది. కౌలుదారుకి లంక కాపలా చూసుకునే బాధ్యత ఉంది కదా, ఆ కాపలా తాను చేస్తుంది. గేదెలు మేసినంతసేపూ ఎలాగూ అక్కడే ఉంటుంది, మట్టి పడవ కనిపిస్తే చాలు, నాకు ఫోను చేస్తుంది. గడ్డి కాపలాకి పోయింది, కాపలా గడ్డికి పోయింది. పాల సంగతి వేరే. ఎప్పటిలా పోస్తుంది, నేను ఎప్పటిలా నెల తిరిగేసరికి డబ్బివ్వాలి. సాయంత్రం బేరగాడు వస్తే మజ్జిగ ఇచ్చి పంపేసింది. మా గడప దగ్గర గిన్నె నిండింది.

ఆ తర్వాతి నెలలు నా రిటైర్మెంటులోకెల్లా హాయిగా గడిచాయని ఒప్పుకోవాలి. వారానికోసారి రేవులో పడవెక్కి నా ఎస్టేటుకి వెళ్ళేవాణ్ణి. గొడుగు వేసుకుని గడ్డిలో నడిచేవాణ్ణి. కౌలుదారుగా నేను చెయ్యవలసిన పనులేమీ లేవు, వాటిని శ్రద్ధగా చేసేవాణ్ణి. తెల్లకొంగలు గేదెల వీపుల మీద కూర్చునేవి. వాటికి ఎవరి కౌలూ పట్టదు. పొద్దు వాలేవేళ ఏటిమీంచి గాలి వస్తే గడ్డి అంతా ఒక్కసారి ఒకే వైపుకి వంగేది. ఏడాదిలో రెండుసార్లు రాత్రి చీకట్లో కాక, పట్టపగలే మట్టి పడవలు ఒడ్డుకి తగిలాయి. చెల్లెమ్మ ఒడ్డున నిలబడి, ఏం కావాలండీ అని అడిగితే, దారి తప్పామండీ అని వెళ్ళిపోయారట. గోదావరి మీద పుట్టి పెరిగినవాళ్ళు పట్టపగలు దారి తప్పడం కూడా మర్యాదే.

ఎండాకాలంలో ఒకరోజు ఆఫీసరు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాడు. అదృష్టవశాత్తూ ఆవేళ నేను లంకలోనే ఉన్నాను. ఎవరో ఫిర్యాదు చేశారట, రిటైరైన మేష్టారు సర్కారు గడ్డిని ఇంకొకరికి కట్టబెట్టి కూర్చుని తింటున్నాడని. ఎవరని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మట్టి ఎక్కడైనా కదిలిందేమోనని అంచులన్నీ తిరిగి చూశాడు. కదల్లేదు. తర్వాత చెల్లెమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ గేదె పక్కన చెంబుతో కూర్చుని ఉంది.

"అమ్మా, సార్ ఈ భూమి నీకు పాలుకిచ్చినారా?"

పాలు అంటే వాటా అని ఆయన ఉద్దేశం. భూమిని పాలుకివ్వడం అంటే పంటలో వాటాకి ఇంకొకరికి అప్పగించడం. అదే జరిగితే నా కౌలు రద్దు, ఆ గేదెలు మళ్ళీ బేరగాడి ముందు నోరు తెరవాలి. చెల్లెమ్మ చెంబు కిందపెట్టి లేచి నిలబడి, పెద్దమనిషికి చెప్పవలసిన తీరులో చక్కగా చెప్పింది.

"లేదండి, పాలు నేనే ఆరికి ఇస్తన్నానండి. రోజూనండి. రెండు పూటలానండి."

ఆఫీసరు మొహం మారిపోయింది. రెండు పూటలా వాటా పుచ్చుకునే కౌలుదారుని ఆయన ఉద్యోగంలో ఎక్కడా చూసి ఉండడు. నాకు గొడుగు చేతిలో బరువెక్కింది. నానార్థాలు చెప్పి పిల్లలకి మార్కులు వేసినవాణ్ణి, నా నానార్థం నన్నే ముంచేలా ఉంది. నేను గబగబా అడ్డుపడి, ఆ పాలు ఆ పాలు కాదండీ, ఈ పాలండీ అన్నాను. అది వింటే ఎవరికైనా అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

చెల్లెమ్మకి సంగతి అర్థమైనట్టుంది.  మళ్ళీ కూర్చుని, చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పితకడం మొదలుపెట్టింది. నురుగు చెంబు అంచుకి వచ్చింది. అప్పుడు చెంబు ఎత్తి ఆయనకి చూపించింది.

"ఇయ్యేనండి నేనిచ్చే పాలు."

ఆయన చెంబులోకి చూశాడు. నా వైపు చూశాడు. అయినా పని మీద వచ్చిన మనిషి, ఇంకో ప్రశ్న మిగిలే ఉంది.

"దీనికి డబ్బులు ఎవరు ఎవరికిస్తారమ్మా?"

"ఆరే నాకిస్తారండి, నెల తిరిగేతలికి. ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆలీసెవవుతుందండి, మరేం పర్లేదండి."

"గడ్డి సార్‌దే, డబ్బులు కూడా సారే ఇస్తాడా?"

"ఆయ్" అంది ఆవిడ.

ఆఫీసరు ఇంక ఆపుకోలేకపోయాడు. గేదె బెదిరి పక్కకి జరిగేలా నవ్వాడు. ఇట్లాంటి కౌలుదారు జిల్లాకి ఒక్కడుంటే మా డిపార్టుమెంటుకి తనిఖీలే అక్కర్లేదు సార్ అన్నాడు. అది పొగడ్తో కాదో నేను తేల్చుకోలేదు. అక్కడే గడ్డిలో కూర్చుని గ్లాసుడు పాలు తాగాడు. తాగేముందు చెల్లెమ్మ చేతిలో వాటి డబ్బు పెట్టాడు, వద్దంటున్నా వినకుండా. ఫిర్యాదుకి జవాబు ఆ సాయంత్రమే రాస్తానన్నాడు. పడవెక్కుతూ నన్ను అడిగాడు, మీ వైపు ఒక్క అర్థమే ఉన్న మాటలు ఏమన్నా ఉన్నాయా సార్ అని. ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

శ్రావణంలో గోదావరి ఎర్రబడి వచ్చింది. గేదెల్ని ఇవతలికి దాటించేశాం. కొన్నాళ్ళు లంక కనపడలేదు. ప్రభుత్వ భూమి ప్రభుత్వానికి కూడా కనపడకుండా మునిగి ఉండే కాలం అది. వరద తీశాక చూస్తే, ఎగువ వైపు కొంత కోసుకుపోయి, దిగువ వైపు అంతకన్నా ఎక్కువే ఒండ్రు పడింది. లంక మొత్తం మీద మా ఊరికేసి ఒక నాలుగడుగులు జరిగినట్టుంది. ఏ ఆఫీసు సంతకమూ లేకుండా భూమిని బదిలీ చేసేది గోదావరి ఒక్కటే.

నా ఏడాది ముగిసింది. ఈసారి పాటకి చెల్లెమ్మ ముందే సిద్ధపడింది. వీధిలో పాలు పోయించుకునేవాళ్ళే ఇద్దరు ధరావత్తు కట్టారు. నన్ను వద్దని ఎవరూ అనలేదు గానీ, రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చుని ఎదురుచూశాను. లంకకి తనిఖీలు నిజంగానే జరుగుతున్నాయని తెలిశాక ఇటుకబట్టీ ఆసామి రాలేదట. మధ్యాహ్నానికి చెల్లెమ్మ ముద్ర వేసిన పత్రం కొంగులో పెట్టుకుని నేరుగా మా గుమ్మానికే వచ్చింది. మా ఆవిడ కాఫీ పెట్టింది. ఆ పత్రంలో రాదులన్నీ నా చేత ఇంకోసారి చదివించుకుంది. లంక ఆవిడ చేతికి ఏడాదిపాటు వచ్చేసింది, గేదెలన్నీ పాకలోనే ఉన్నాయి, ఒకటి చూడిది కూడా అట.

"ఇంక గడ్డీ మీది కాదు, కాపలా బాధా మీకు లేదండి. పాలు మానేస్తారేటండి అన్నయ్యగారూ?"

మానేది లేదన్నాను. కాకపోతే ఇప్పుడు నేను కౌలుదారుని కాను, మామూలు ఖాతాదారుని, కాబట్టి మామూలు ఖాతాదారులకుండే అనుమానాలు నాకూ ఉంటాయన్నాను. నీళ్ళు కలపకుండా పొయ్యాలన్నాను.

చెల్లెమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, ఎంతో వినయంగా చేతులు కట్టుకుంది.

"అయ్యో, నీళ్ళు గోదారివండి. గోదారి గవర్నమెంటుదండి. పాట పెట్టందే నేనెలా ముట్టుకుంటానండి?"